లైటు ఆరింది, బిల్లు కట్టండి

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగితే ఏం చేయాలో మన రోడ్ల మీద అందరికీ తెలుసు. మొదటి పద్ధతి, దాన్ని చూడకపోవడం. రెండోది, దాని మీద బొట్టు బిళ్ల అతికించడం. మూడోది, బ్యాటరీ టెర్మినల్ పీకి, ఒక టీ తాగి, మళ్లీ బిగించడం. ఈ మూడూ పని చేయని అభాగ్యులే సర్వీసు సెంటరుకు వెళ్తారు. అక్కడ నాలుగో పద్ధతి ఉంది. ఆక్సిజన్ సెన్సర్ మార్చడం. మొదటి మూడింటికీ దీనికీ తేడా ఒక్కటే, దీనికి జీఎస్టీ పడుతుంది.

ఆ సెన్సర్ చేసిన నేరమేమిటో విచారిద్దాం. సీఎన్‌జీతోనో పెట్రోలుతోనో నడిచే సరుకు బళ్లలో అది సైలెన్సర్ పైపులో తల దూర్చి, కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. బాష్ వాళ్లు 1976లో కార్ల కోసం దీన్ని తెచ్చారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ లారీల్లో దీని చుట్టం, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్ కూడా మామూలైపోయింది. సాధారణ ఆక్సిజన్ సెన్సర్‌కు నాలుగు వైర్లు. రెండు హీటరువి, రెండు సిగ్నల్‌వి. లోపలి జిర్కోనియా అనే పింగాణీలాంటి ముక్క 300 డిగ్రీలకు అటూ ఇటూగా వేడెక్కితే గాని పని మొదలుపెట్టదు. అందుకే హీటరు. ఆ తర్వాత 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ కబుర్లు పంపుతుంది. మండే పైపు పక్కనే, బురదలో, వానలో, గుంతల మీద ఎగురుతూ పోయే ఈ సన్నటి వైర్లకు ఏమైనా అయ్యుంటుందేమో అన్న అనుమానం మాత్రం ఏ నిపుణుడికీ రాదు.

ఇక స్కానర్ ఘట్టం. ఇస్త్రీ యూనిఫాంలో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొస్తాడు. కేబులు గుచ్చుతాడు. ఓనరు చేతులు కట్టుకుంటాడు. డ్రైవరు కాస్త వెనగ్గా నిలబడతాడు. క్లీనరు ఫోన్లో పాట ఆపేస్తాడు. ల్యాప్‌టాప్ పలకదు. కేబులు పీకి, నోటితో ఊది, మళ్లీ గుచ్చుతాడు. సోది చెప్పే అమ్మ కులదేవతను పిలిచేటప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు. చివరికి తెర మీద పి0135 అని పడుతుంది.

"సెన్సర్ పోయింది సార్."

"పోయిందా?"

"పోయింది సార్. కోడ్ వచ్చింది కదా."

"కింద వైరేమన్నా చూస్తావా తమ్ముడూ?" అంటాడు డ్రైవరు. అందరూ ఆయన వైపు తిరిగి చూస్తారు. స్టీరింగ్ తిప్పేవాడికి ఎలక్ట్రానిక్స్ ఎందుకు?

"వైరింగ్ మేం ముట్టుకోకూడదన్నా. పోతే మొత్తం సెట్టే మార్చాలి."

ఆ కోడ్ చెప్పిందల్లా హీటరు లైనులో కరెంటు సరిగ్గా నడవడం లేదని. ఆ లైనులో ఫ్యూజు ఉంది, వైరుంది, వైర్లను కలిపే కప్లర్ ఉంది, చివర్న సెన్సర్ ఉంది. నలుగురు అనుమానితుల్లో ఖరీదైనవాణ్ణి ఎంచి ఉరి తీయడం మన సంప్రదాయం. కొత్త సెన్సర్ బిగిస్తారు. కోడ్ చెరిపేస్తారు. లైటు ఆరుతుంది. అయితే ఇలాంటి లోపాలను కంప్యూటరు ఒక్కసారికే నమ్మదు. చాలావాటికి వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనబడితేనే లైటు వెలిగిస్తుంది. విజయవాడలో ఆరిన లైటు నందిగామ దగ్గర టీకి ఆగి మళ్లీ స్టార్ట్ చేశాక వెలుగుతుంది. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటారు. ఫోన్ చేస్తే, "రెండో సెన్సర్ కూడా వీక్ అయ్యుంటుంది సార్."

ఇంతకీ ఆ వైరు ఎందుకు పోయింది? ఎలకలు కొరుకుతాయి, కాదనను. కానీ ఎన్నో బళ్లలో జరిగేది ఇది. క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్స్ దించారు. వైరును పట్టుకుని ఉండే క్లిప్పు అడ్డొచ్చింది, విరగ్గొట్టారు. గేర్‌బాక్స్ ఎక్కించారు, క్లిప్పు పెట్టలేదు. వైరు వేలాడి సైలెన్సర్ మీద వాలింది. పైతొడుగు కరిగింది, లోపలి తీగ ఇనుముకు తగిలింది, ఫ్యూజు కొట్టేసింది. రూపాయల్లో ఉండే ప్లాస్టిక్ క్లిప్పు! అది పెట్టని మహానుభావుడెవరని ఎవడూ అడగడు. సెన్సర్ డబ్బులు మాత్రం డ్రైవరు జీతంలో కోస్తారు. బండి సరిగ్గా చూసుకోలేదట. పికప్ లేని బండిని లోడుతో ఎత్తు ఎక్కించి, వెనక హారన్లు భరించి, సరుకు లేటయిందని పార్టీ చేత తిట్లు తిని, ఉక్క కేబిన్‌లో పడుకుని లేచిన మనిషాయన. ఆ షెడ్డులో వైరు చూడమని అడిగిన ఒకే ఒక్కడు. ఆయన జీతంలో కోయడానికి చేతులెలా వస్తాయయ్యా మీకు? సిగ్గుగా లేదా?

సరే, శాంతిద్దాం. చేయాల్సిన పని సిగ్గుపడేంత చిన్నది. పైపు చల్లారాక కిందికి దూరాలి. వైరును మొదటి నుంచి చివరి దాకా వేళ్లతో తడమాలి. కప్లర్ విప్పి, సెన్సర్ వైపు హీటరు పిన్నుల మధ్య మల్టీమీటరు పెడితే కొన్ని ఓములు చూపించాలి. చూపిస్తే హీటరు తెగలేదు. బండి వైపు సప్లై రాకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. కాలిన ముక్క కోసి, అంతే మందం ఉండి వేడికి తట్టుకునే వైరు వేసి, జాయింటును నొక్కి క్రింప్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు తొడగాలి. జాయింట్లన్నీ ఒక్కచోట పడకూడదు. సెన్సర్ సొంత వైరుకు మాత్రం సోల్డరింగ్ చేయకండి. చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ తీగల సందుల్లోంచే పీల్చుకుంటాయి. మీరు ముక్కు మూసి, ఊపిరాడటం లేదని కొత్తది కొంటారు. నల్ల టేపు చుట్టేవాళ్లతో నాకు మాటల్లేవు. ఫ్యూజు బదులు రాగి తీగ పెట్టేవాళ్ల సంగతి అగ్నిమాపక శాఖ చూసుకుంటుంది.

బొట్టు బిళ్లల వారికి ఒక విన్నపం. పెట్రోలు, సీఎన్‌జీ బండిలో పసుపు బొమ్మ నిలకడగా వెలిగితే మెల్లగా షెడ్డుకు చేరొచ్చు. మినుకు మినుకుమంటే ఇంజన్ మిస్ కొడుతోంది, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మాడబోతోంది. ఎర్రటి ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. కనీసం దానికైనా బిళ్ల అతికించకండి.

అన్నట్టు, మార్చేసిన పాత సెన్సర్‌ను మర్చిపోకుండా అడిగి తెచ్చుకోండి. చాలాసార్లు అది బాగానే పని చేస్తుంది. దాన్ని ఇవ్వాల్సి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర మనిషి మొహం ఎలా మారుతుందో కూడా చూసి రండి, టిక్కెట్టు లేదు.