షరతు సిఫార్సుగా మారిన తీరు

1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగ ప్రతిపై 39 మంది సంతకాలు చేస్తుండగా, అదే గదిలో ఉన్న ముగ్గురు మాత్రం కలం ముట్టలేదు. వారు వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, మసాచుసెట్స్‌కు చెందిన ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ. పౌరుల హక్కులను విడిగా ప్రకటించాలని అయిదు రోజుల ముందు జెర్రీ ప్రతిపాదిస్తే మేసన్ బలపరిచాడు గానీ, ఒక్క రాష్ట్ర బృందం కూడా వారి వైపు ఓటు వేయలేదు. రాష్ట్రాల ప్రకటనల్లో హక్కులు ఉండనే ఉన్నాయి కదా అన్నది అప్పుడు వచ్చిన జవాబు. ఆమోదం కోసం రాష్ట్రాలకు వెళ్లాక ఆ జవాబే ఇచ్చినవారి మెడకు చుట్టుకుంది. వ్యతిరేకులు పోరాడి హక్కుల సవరణలు సాధించుకున్నారని ఈ ఘట్టం గురించి సాధారణంగా చెబుతారు. అది సగమే నిజం. వారు అన్నిటికన్నా గట్టిగా అడిగింది వారికి దక్కలేదు.

అసలు ఆమోద ప్రక్రియే వివాదాస్పదం. అప్పటికి అమల్లో ఉన్న సమాఖ్య ఒడంబడికను మార్చాలంటే 13 రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి. కొత్త రాజ్యాంగం మాత్రం, ప్రత్యేకంగా ఎన్నికైన సమావేశాలు తొమ్మిది రాష్ట్రాల్లో ఆమోదిస్తే చాలునని తన ఏడో అధికరణంలో తానే రాసుకుంది. మార్చవలసిన చట్టాన్ని పక్కకు నెట్టి చట్టం చేశారన్న ఆరోపణకు రచయితల దగ్గర సరైన సమాధానం లేదనే నా అభిప్రాయం. పైగా, బలమైన కేంద్రాన్ని కోరినవారే సమాఖ్యవాదులన్న పేరును ముందుగా తగిలించుకోవడంతో, రాష్ట్రాల సమాఖ్య నిలవాలన్నవారు సమాఖ్య వ్యతిరేకులుగా మిగిలారు. పెన్సిల్వేనియాలో సమావేశానికి ఎన్నిక జరిపే తీర్మానాన్ని ఆపడానికి కొందరు సభ్యులు శాసనసభకు రాకుండా కోరం లేకుండా చేస్తే, గుంపు వెళ్లి ఇద్దరిని ఈడ్చుకొచ్చి సభలో కూర్చోబెట్టింది.

మన రాజ్యాంగం ఇలాంటి పరీక్షను ఎదుర్కోలేదు. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ ఆమోదించడంతోనే పని ముగిసింది. ఆ సభలో ప్రతినిధులే లేని హైదరాబాద్ సంస్థానం సమ్మతి, అంతకు మూడు రోజుల ముందు నిజాం జారీ చేసిన ఫర్మానా రూపంలో వచ్చింది. రైతులు, చిన్న ఊళ్ల ప్రతినిధులు లేచి నిలబడి రాజ్యాంగాన్ని నిలదీసిన దృశ్యం కోసం మసాచుసెట్స్ వైపే చూడాలి.

1788 జనవరిలో బోస్టన్‌లో సమావేశమైన ప్రతినిధులు 350 మందికి పైనే. అప్పుల భారంతో షేస్ నాయకత్వంలో రైతులు తిరగబడి ఏడాదే అయింది. న్యాయవాదులు, చదువుకున్నవారు, డబ్బున్నవారు ఇంత తియ్యగా మాట్లాడి తమచేత ఈ మాత్రను మింగిస్తారనీ, ఆ తర్వాత అధికారమంతా చేతిలో పెట్టుకుని తమలాంటి చిన్నవాళ్లను తిమింగలంలా మింగేస్తారనీ ఏమస్ సింగిల్‌టరీ అనే వృద్ధుడు హెచ్చరించాడు. నాగలితో బతికేవాడినని చెప్పుకున్న జోనథన్ స్మిత్ దానికి బదులిచ్చాడు: తిరుగుబాటు రోజుల్లో అరాచకాన్ని కళ్లారా చూశాననీ, దానికి మందు ఈ రాజ్యాంగంలో కనిపించిందనీ, కొందరు పెద్దలకు నచ్చినంత మాత్రాన తనకది చెడ్డది కాబోదనీ అన్నాడు. ఒకే రాష్ట్రపు సామాన్యులు ఒకే తిరుగుబాటు నుంచి రెండు వేర్వేరు పాఠాలు తీసుకోవడం కన్నా ఈ చర్చ గురించి ఎక్కువ చెప్పేది నాకు కనబడదు.

ఓటు వేస్తే ఓడిపోతామని సమాఖ్యవాదులకు అర్థమైంది. అప్పుడు, కీళ్లవాతంతో ఇంట్లోనే ఉండిపోయిన గవర్నర్ జాన్ హాన్‌కాక్ సభకు వచ్చి మధ్యేమార్గం చూపాడు. సవరణలు చేస్తేనే ఒప్పుకుంటామన్న షరతు లేకుండా ఆమోదిస్తారు, దానితో పాటు తొమ్మిది సవరణలను సిఫార్సు చేస్తారు. ఫిబ్రవరి 6న 187–168 ఓట్లతో తీర్మానం గట్టెక్కింది. ఆ తర్వాత మేరీలాండ్ మినహా ఓటు వేసిన రాష్ట్రాలన్నీ దాదాపు ఇదే దారి పట్టాయి. రాజ్యాంగాన్ని ‘మేము ప్రజలం’ అని మొదలుపెట్టే అధికారం దాని రచయితలకు ఎవరిచ్చారని సమాఖ్య వ్యతిరేకి ప్యాట్రిక్ హెన్రీ గర్జించిన వర్జీనియాలో తేడా 10 ఓట్లు, న్యూయార్క్‌లో మూడే.

తొమ్మిది సిఫార్సులలో మొదటిది చూస్తే అసలు తగువు ఎక్కడుందో తెలుస్తుంది. కేంద్రానికి ‘స్పష్టంగా’ అప్పగించని అధికారాలన్నీ రాష్ట్రాలవేనని చెప్పాలన్నది దాని సారం. ఇతర ఆదాయం చాలనప్పుడే, అదీ ముందు రాష్ట్రాలను అడిగిన తర్వాతే కేంద్రం ప్రత్యక్ష పన్నులు వేయాలన్నది మరొకటి. 1789 జూన్ 8న ప్రతినిధుల సభలో సవరణలు ప్రవేశపెట్టిన, రాజ్యాంగ రచయితల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ వాక్‌స్వాతంత్ర్యం, మతస్వేచ్ఛ, జ్యూరీ విచారణ వంటివి ఏరుకుని, పన్నుల సంగతి వదిలేశాడు. రాష్ట్రాల అధికారాల సవరణ ఉంది గానీ అందులో ‘స్పష్టంగా’ అన్న మాట లేదు. దాన్ని చేర్చాలన్న ప్రతిపాదన సభలో వీగిపోయింది. 1819లో కేంద్రం బ్యాంకు పెట్టవచ్చా అన్న కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ మాట లేకపోవడాన్నే ఎత్తిచూపి, కేంద్రానికి రాతపూర్వకంగా ఇవ్వని అధికారాలు కూడా అంతర్లీనంగా ఉంటాయని తీర్పు చెప్పాడు. సింగిల్‌టరీ భయపడింది సరిగ్గా దీని గురించే.

మాడిసన్‌ది మోసమని నేను అనను. సిఫార్సును పాటించి తీరాలన్న నియమం లేదు, షరతు పెట్టని సమ్మతికి ఉండే ధర అదే. పైగా ఇరుపక్షాల చర్చలో బానిసలకు, స్త్రీలకు చోటే లేదు. బానిస వ్యాపారాన్ని తెగిడిన మేసన్ స్వయంగా బానిసల యజమాని.

చాలలేదన్న అసంతృప్తితోనే వర్జీనియా సెనేట్ ఆ సవరణలను దాదాపు రెండేళ్లు ఆపింది. చివరకు 1791 డిసెంబరు 15న అదే రాష్ట్రం ఒప్పుకోవడంతో పది సవరణలు అమల్లోకి వచ్చాయి. సిఫార్సుల దారి కనిపెట్టిన మసాచుసెట్స్ మాత్రం వాటిని లాంఛనంగా ఆమోదించింది 1939లో.