స్ప్రింగ్ కంటైనర్ గారికి ఒక డెవలపర్ మనవి

జావా ప్రోగ్రాములకు కావాల్సిన ఆబ్జెక్టులను తయారుచేసి అందించే మహారాజశ్రీ స్ప్రింగ్ కంటైనర్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే మీరింకా స్టార్ట్ కాలేదు.

2004లో 1.0గా వచ్చినప్పుడు ఈజేబీ అనే పాత జావా పద్ధతి బరువు దించుతానన్నారు. దించారు, అబద్ధమెందుకు. దించిన చోట గజాల కొద్దీ ఎక్స్‌ఎంఎల్ పెట్టారు, అది వేరే సంగతి. మేం ఆబ్జెక్టు కోసం 'న్యూ' అని రాయక్కర్లేదని, బీన్లను (మీరు చూసుకునే ఆబ్జెక్టులను) పుట్టించడం, ఎవరికి ఏది కావాలో చూసి అందించడం, చివర్లో సాగనంపడం అన్నీ మీ బాధ్యతేనని నమ్మించారు.

ఆర్డర్ సర్వీస్ అనే బీన్ కన్‌స్ట్రక్టర్‌కి (దాన్ని పుట్టించే కోడ్‌కి) పేమెంట్ సర్వీస్ కావాలి. పేమెంట్ సర్వీస్ కన్‌స్ట్రక్టర్‌కేమో ఆర్డర్ సర్వీస్ కావాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు. మీరు లాగ్‌లో గీతలు గీసి, బాణాలు పెట్టి, చక్రం బొమ్మ వేసి మరీ ఆగిపోయారు. బొమ్మ బాగుంది. కానీ అవే రెండు కన్‌స్ట్రక్టర్ వదిలేసి ఫీల్డ్ మీద ఆటోవైర్డ్ (ఇక్కడ బీన్ తెచ్చిపెట్టమనే గుర్తు) పెట్టుకుని అడిగితే, సగం తయారైన బీన్‌ని రెండోదాని చేతిలో పెట్టి ఏళ్లతరబడి నెట్టుకొచ్చింది తమరే కదా? 2021లో, మీ మీద కట్టిన స్ప్రింగ్ బూట్ 2.6తో, ఇలాంటి చక్రాలు కుదరవని ఉన్నట్టుండి నీతి గుర్తొచ్చింది. అదీ ప్రాపర్టీస్ ఫైల్లో చక్రాలు ఒప్పుకోమని ఒక్క 'ట్రూ' రాసేదాకానే!

సాగనంపడం సంగతి ఇంకా ఘోరం. సింగిల్టన్లంటే (మీ దగ్గర ఒక్కొక్కటే ఉండే బీన్లు) మీకు ముద్దు. ప్రీడిస్ట్రాయ్ (పోయేముందు నడిచే మెథడ్) పిలిచి, కనెక్షన్లు మూయించి, పద్ధతిగా పంపిస్తారు. (కిల్ మైనస్ 9 కొట్టి ప్రోగ్రామ్‌ని బలవంతంగా చంపినప్పుడు తప్ప. అది మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాం.) ప్రోటోటైప్ బీన్‌ని (అడిగినప్పుడల్లా కొత్తగా పుట్టేదాన్ని) మాత్రం పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ (పుట్టాక నడిచే మెథడ్) దాకా దగ్గరుండి నడిపించి, అడిగినవాడి చేతిలో పెట్టి, ఆ తర్వాత దాని మొహం చూడరు. ప్రీడిస్ట్రాయ్‌లో ఫైలు మూసే కోడ్ రాసుకున్నవాడు ఆ పిలుపు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. డాక్యుమెంటేషన్‌లో రాశాం కదా అంటారు. రాశారు. బీన్ లైఫ్ సైకిల్ వరుస గడగడా అప్పజెప్పేవాళ్లు అమీర్‌పేటలో వీధికొకరున్నారు, ఈ ముక్క దగ్గర మాత్రం అందరూ నీళ్లు నములుతారు.

పోనీ ఆ ప్రోటోటైప్‌ని సింగిల్టన్‌లోకి ఇంజెక్ట్ చేస్తే (అంటే దానికి అందిస్తే)? వాడినప్పుడల్లా కొత్తది వస్తుందని ఆశపడతాం. మొదట ఇచ్చిందే చివరిదాకా. కొత్తది కావాలంటే ఆబ్జెక్ట్ ప్రొవైడర్ పెట్టుకుని ప్రతిసారీ అడుక్కోవాలట. 'న్యూ' అయితే మూడక్షరాలతో పోయేది.

జవాబు వెంటనే రాయగలరు. మీరు స్టార్ట్ కాకపోవడానికి అసలు కారణం ఎర్రర్ లాగ్‌లో నూట యాభై లైన్ల కింద చివరి 'కాజ్డ్ బై' దగ్గర కాకుండా, దయచేసి మొదటి లైన్లోనే రాయగలరు.

ఇట్లు,
మీరు ఇంజెక్ట్ చేసిందే మహాప్రసాదమనుకునే ఒక డెవలపర్