ఆవర్తన పట్టిక ఎందుకండీ, హాజరు పట్టీ ఉండగా!

మూలకాల పట్టిక అనగానే అందరూ మెండలీవ్‌కే దండలు వేస్తారు. జార్జ్ కేరీ ఫోస్టర్ అనే ప్రొఫెసర్‌కు జరిగిన అన్యాయం గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. ఆ లోటు తీర్చక తప్పదు.

1866 మార్చి 1న లండన్ కెమికల్ సొసైటీలో జాన్ న్యూలాండ్స్ ఒక పత్రం చదివాడు. మూలకాలను పరమాణు భారం వరుసలో పెడితే, ప్రతి ఎనిమిదోదీ మొదటిదాన్ని పోలి ఉంటుందని. లిథియం నుంచి లెక్కపెడితే ఎనిమిదోది సోడియం, దాన్నుంచి ఎనిమిదోది పొటాషియం. ఏడు స్వరాలయ్యాక మళ్ళీ 'స' వచ్చినట్టు! అంతా విన్న ఫోస్టర్ గారు, అక్షరక్రమంలో ఎప్పుడైనా పేర్చి చూశారా అని అడిగారు. ఎలా పేర్చినా ఏవో కొన్ని పోలికలు కలుస్తాయిగా అన్నది ఆయన పాయింటు. సొసైటీ ఆ పత్రాన్ని అచ్చు వేయలేదు.

దీన్ని వెటకారమంటారు. నా దృష్టిలో పాలనా దక్షత. న్యూలాండ్స్ చేసిన నిర్వాకం చూడండి: కోబాల్ట్‌నీ నికెల్‌నీ ఒకే గడిలో ఇరికించాడు, ఇనుమును తీసుకెళ్ళి ఆక్సిజన్, గంధకాల వరుసలో కూర్చోబెట్టాడు. హాజరు పట్టీలో ఇలాంటి గొడవలుంటాయా?

సరే, 1869లో మెండలీవ్ వచ్చాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. ఆయనేమో మధ్యమధ్యలో గళ్ళు ఖాళీగా వదిలేసి, అందులోకి రావాల్సినవాళ్ళు ఇంకా పుట్టలేదన్నట్టు మాట్లాడాడు. పైగా వాటి బరువూ, సాంద్రతా కూడా తనే రాసేశాడు! 1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ గాలియం కనిపెట్టి, సాంద్రత 4.7 అని ప్రకటించాడు. గాలియం ముక్కనైనా చూడని మెండలీవ్, 5.9 దాకా ఉండాలి, శుద్ధి చేసి మళ్ళీ కొలవమన్నాడు. ఎంత పొగరు! పాపం ఆయన మళ్ళీ కొలిచాడు. 5.9 వచ్చింది. ఇలాంటివాళ్ళతోనే వస్తుంది టెన్షన్.

టెలూరియం అయోడిన్ కంటే బరువైనా, దాన్ని ముందు పెట్టి, తూకమే తప్పన్నాడు. తూకం సరిగ్గానే ఉంది, వరుసా సరిగ్గానే ఉంది. ఆ రెండూ ఎలా కుదిరాయో 1913లో మోస్లీ అనే శాస్త్రవేత్త, వరుసను నిర్ణయించేది బరువు కాదు, పరమాణు సంఖ్య (కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క) అని తేల్చేదాకా ఎవరికీ అంతుపట్టలేదు. 1894లో ఆర్గాన్ వచ్చిపడితే పట్టికలో చోటే లేదు, చివరికి కొత్త నిలువు వరుసే వేయాల్సి వచ్చింది. ఫోస్టర్ పద్ధతిలో అయితే యాంటిమొనీకీ ఆర్సెనిక్‌కీ మధ్య ఒక పేరు రాసుకుంటే పోయేది. పోనీ తెలుగు అక్షరక్రమమే పెట్టుకున్నా, అయోడిన్ ఫస్టు బెంచీలో ఉంటుంది. హైడ్రోజన్, హీలియం ఇక్కడ ముందు వరుసలో పోజులు కొడుతున్నాయి గానీ, 'హ' దగ్గర చివరి బెంచీలో బుద్ధిగా కూర్చునేవి. కొత్తవి ఎన్ని దొరికినా ఖాళీ గళ్ళుండవు, జోస్యాలుండవు, ఎవరూ ఏదీ మళ్ళీ కొలవక్కర్లేదు.

ఫోస్టర్ మాట పూర్తిగా వృథా పోయిందనుకోకండి. రాయల్ సొసైటీ 1882లో రసాయన శాస్త్రానికిచ్చే డేవీ పతకాన్ని మెండలీవ్‌కూ, అలాంటి పట్టికే వేసిన జర్మన్ లోథర్ మేయర్‌కూ కలిపి ఇచ్చింది. మెండలీవ్ కంటే ముందే చెప్పి నవ్వులపాలైన న్యూలాండ్స్‌కు 1887లో ఇచ్చింది. మెండలీవ్, మేయర్, న్యూలాండ్స్. కావాలంటే ఇంగ్లీషు స్పెల్లింగులు చూసుకోండి, అక్షరక్రమం ఎక్కడా తప్పలేదు.