బోగీ

నిన్న మా అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతి సంబరాలు. ముగ్గులయ్యాయి, గాలిపటాలయ్యాయి, తంబోలా మొదలైంది. జల్దీ ఫైవ్, టాప్ లైను చాలవన్నట్టు మా సెక్రటరీగారు కొత్త ప్రైజు పెట్టారు. టికెట్టులో ఐదు ప్రధాన సంఖ్యలు ముందు కొట్టినవాళ్ళకి హాట్‌ప్యాక్. 1 నుంచి 90 లోపు అవి 24 ఉన్నాయి కాబట్టి ఎవరికో ఒకరికి తగలక మానదు.

23, 41, 67, 83 కొట్టేశాను. మైకులో "యాభై ఏడు" అన్నారు. నేను పెట్టిన కేకకి పక్కావిడ చీర మీద టీ ఒలికింది.

57 మొహం ఒక్కసారి చూడండి. సరిసంఖ్య కాదు. చివర ఐదు లేదు, సున్నా లేదు. ఏ ఎక్కంలోనూ ఎదురుపడ్డ జ్ఞాపకం లేదు. అసలు మా బళ్ళో పదహారు పదహార్లు రెండొందల యాభై ఆరు అనగానే ఇంటిగంట కొట్టేవారు. పంతొమ్మిదో ఎక్కం మా దాకా రానేలేదు. ఆ ధైర్యంతోనే స్టేజీ ఎక్కి, ఒక చేత్తో హాట్‌ప్యాక్, ఇంకో చేత్తో మైకు పట్టుకుని, "ఒకటి కన్నా పెద్దదై, ఒకటీ, తనూ తప్ప వేరే కారణాంకాలు లేనిదే ప్రధాన సంఖ్య" అని పిల్లలకి పాఠం కూడా చెప్పాను. నిర్వచనం కరెక్టే. అదే నా బాధ.

ముందు వరసలో ఆరో తరగతి పిల్లాడు లేచాడు. "అంకుల్, ఐదూ ఏడూ కలిపితే పన్నెండు. మూడుతో పోతుంది. పంతొమ్మిది మూళ్ళు." వెక్కిరించినా బాగుండేది, జాలిగా అన్నాడు.

"బోగీ!" అన్నారు సెక్రటరీగారు. తప్పు కేకకి టికెట్ రద్దన్నమాట. ప్లాట్‌ఫాం మీద పెట్టెలు లెక్కపెడుతున్నట్టు మూడుసార్లు అన్నారు.

తర్వాత హాట్‌ప్యాక్ గెలిచింది ఆయన బావమరిది. అతని ఐదింట్లో 1 ఉంది! ప్రధాన సంఖ్యకి సరిగ్గా రెండు కారణాంకాలుండాలి, సంయుక్త సంఖ్యకి అంతకన్నా ఎక్కువ. 1కి ఉన్నది ఒక్కటే, కాబట్టి అది ఇటూ కాదు, అటూ కాదు. పిల్లాడు ఇదీ చెప్పాడు. "ఒకటి కన్నా ప్రధానమైంది ఏముంటుంది నాన్నా?" అని, బజ్జీలు చల్లారిపోతున్నాయని మైకు కట్టేశారు. నా 57కి లెక్కలు, బావమరిది 1కి బజ్జీలు.

లెక్కల్లో అతిపెద్ద బహుమతుల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ 1966లో అందుకున్న గ్రోతెన్‌డీక్ అంతటాయన కూడా ప్రధాన సంఖ్యకి ఉదాహరణగా 57 అన్నాడని లెక్కలవాళ్ళు చెప్పుకుంటారట. మా అమ్మాయి ఓదార్పు. ఆయన్నెవరూ బోగీ అనలేదుగా!

మాది 204, సెక్రటరీగారిది 205. విడివిడిగా రెండూ సంయుక్త సంఖ్యలే. కానీ పక్కపక్క సంఖ్యలు ఎప్పుడూ సాపేక్ష ప్రధానాలే, 1 తప్ప ఇంకే సామాన్య కారణాంకమూ ఉండదు. మా రెండిళ్ళకీ ఆ ఒక్కటీ మధ్యగోడ.

ఇందాక వాళ్ళావిడ పులిహోర పంపారు. ఆ హాట్‌ప్యాక్‌లోనే. తినేశాను. గిన్నె ఇంకా తిరిగి ఇవ్వలేదు.