కౌలు కాగితం లేని సేద్యం

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చేతిని దగ్గర నుంచి చూడాలి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి పిండిపాలలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో రేకు లేస్తుంది. ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఒకప్పుడు ఈ పని ఊరికి వచ్చినవాళ్లే చూడాలి, లేదా ఏ టీవీ వాళ్లో కెమెరాతో దిగాలి. ఇప్పుడు పొయ్యి పక్కన ఇటుకకి ఫోను ఆనించి రేకు తీసే ఆవిడే వీడియో తీసుకుంటోంది. మాటా ఆవిడదే, యాసా ఆవిడదే. ఇంటర్నెట్‌లో నేను చూసిన అసలైన మార్పు ఇదే.

నిజానికి చూడటమే కాక తామే పెట్టుకునే ఈ హక్కు మొదట్లోనే ఉంది. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో రాసిన తొలి బ్రౌజర్‌లో పేజీ చదవడమే కాదు, రాయడమూ కుదిరేది. 1993లో జనంలోకి వెళ్లిన మొజాయిక్ బ్రౌజర్ చదవడానికే పరిమితమైంది. 1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చేసరికి మనకి మిగిలింది చూసే పనే. 2001లో వికీపీడియా, 2005లో యూట్యూబ్ వచ్చాక కలం మళ్లీ చేతికందింది. మన పల్లెలకైతే 2016లో జియోతో డేటా చవకయ్యాకే.

ఆ కలం విలువ భీమవరం వైపు చెరువు గట్టు మీద తెలుస్తుంది. 100 కౌంట్ రొయ్య (కిలోకి వంద తూగేది) ధర ఒకప్పుడు కొనడానికి వచ్చినవాడు చెప్పిందే. ఇప్పుడు పక్క ఊరి రైతు తాను ఆ పూట ఎంతకి అమ్మాడో వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెడతాడు. తప్పుడు మందుల సలహాలూ అదే దారిలో వస్తాయి, కాదనను. అయినా బేరానికి కూర్చున్న రైతుకి ఆ వాయిస్ కొండంత అండ.

అయితే ఈ సేద్యమంతా ఎవరి భూమిలో? గోదావరి డెల్టాలో కౌలు సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. బస్తాల లెక్క నోటిమాటగా మాట్లాడుకుని సార్వాకి దిగుతాం. కౌలు రైతుకి సాగు హక్కు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం ఉండాలంది ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం. వీడియోలు చేసేవాళ్ల బతుకూ అచ్చం ఇంతే. మొత్తం 10,000 వ్యూలు ఉంటే ప్రకటనల డబ్బు ఇస్తామన్న యూట్యూబ్, 2018లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాల్సిందే అంది. మక్తా (కౌలు ధర) పెంచిన భూస్వామిని నిలదీయడానికి ఊళ్లో పెద్దమనుషులైనా ఉంటారు. ఇక్కడ అదీ లేదు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. గోదావరి లంకల్లో ఆడపిల్లలు పెట్టుకున్న పాటలు, పొలం పనుల వీడియోలు మాత్రం మనకి కనబడకుండా పోయాయి.

మా బంధువుల అబ్బాయి మూడేళ్లు వరి మీద వీడియోలు చేశాడు. ఒక పొద్దున ఖాతా తెరుచుకోలేదు. మొర పెట్టుకుంటే మనిషి పలకలేదు, యంత్రం జవాబు పంపింది. దోమపోటు వచ్చిన మడిలో దిగి, దుబ్బు మొదలు విడదీసి చూపించిన వీడియో ఫోనులోనూ లేదు. జాగా చాలక తుడిచేశాడు. ఆ వీడియో నాకింకా కళ్లలో ఉంది.

వీడియోలు మానమని నేననను, డబ్బొచ్చే చోటే పెట్టండి. ఒక ప్రతి మాత్రం ఉమ్మడి చెరువులో వదలండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అందులోని రాతని ఎవరైనా నకలు తీసి దాచుకోవచ్చు, కాబట్టి ఒక్కరు తలుపు మూస్తే పోదు. మన ఊళ్ల పేజీలు చాలావాటిలో జనాభా లెక్కలు, దూరాలు, వైశాల్యం ఉంటాయి. ఊరి పనితనం గురించి రాసినవి తక్కువ. ఫొటోలు, వీడియోలకైతే దాని పక్కనే వికీమీడియా కామన్స్ ఉంది. ఇటుకకి ఫోను ఆనించి తీసిన ఆ రెండు నిమిషాలు ముందుగా అక్కడికి చేరాలి.