నీలం గుడ్ల పుంజు ఒక్కటొస్తే దొడ్డంతా నీలమేనా?

కనిగిరి దగ్గర మా పిన్ని దొడ్లో 14 కోళ్లున్నాయి, అన్నీ నాటువే. మొన్న ఆదివారం వెళితే కాఫీ కంటే ముందు ఫోన్ చేతిలో పెట్టింది. "అబ్బయా, ఇది చదువు. ఈ పుంజు ఒక్కటి తెచ్చుకుంటే చాలంట."

నెలరోజులుగా మా చుట్టాల గ్రూపులన్నింట్లో తిరుగుతున్న మెసేజే. అందులో ఉన్నది ఇదీ: నీలం గుడ్డులో కొలెస్ట్రాల్ ఉండదు, షుగర్ వాళ్లకు అదే మందు. కడక్‌నాథ్ నల్ల గుడ్డు పెడుతుంది. శంఖుపూలు మేపితే నాటు పెట్ట కూడా నీలం గుడ్డు పెడుతుంది. నీలం జాతి పుంజును వదిలితే దొడ్లో ఉన్న పెట్టలన్నీ నీలానికి మారతాయి. నిమ్మచెక్కతో రుద్దినప్పుడు రంగు వదిలితే అది నకిలీ గుడ్డు. ఈ కోళ్లకు తెగుళ్లు రావు, టీకాలు అక్కర్లేదు. చివర్లో, పుంజు కావాలంటే ఫోన్ చేయమని ఒక నంబరు. ఆ నంబరు దాకా వచ్చాక గానీ మెసేజ్ ఎందుకు పుట్టిందో నాకు అర్థం కాలేదు.

నీలం గుడ్లు పెట్టే కోళ్లు నిజంగానే ఉన్నాయి. చిలీ దేశపు అరౌకానా వాటిలో పేరున్నది, చైనాలోనూ ఒక జాతి ఉంది. ఎప్పుడో ఒక వైరస్ ముక్క ఆ కోళ్ల జన్యువుల్లో దూరి అక్కడే ఉండిపోయింది. దానివల్ల బిలివర్డిన్ అనే రంగు పదార్థం పెంకులోకి చేరుతుంది. ఈ సంగతి 2013లో బయటపడింది. చిలీలో, చైనాలో ఇది వేర్వేరుగా జరిగిందని కూడా అప్పుడే తేలింది.

ఇక కొలెస్ట్రాల్. అది ఉండేది పచ్చసొనలో, రంగు ఉండేది పెంకులో. పెద్ద గుడ్డు ఏ రంగుదైనా అందులో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, 6 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. "మరి మన గుడ్డు సొన అంత ఎర్రగా ఉంటుంది కదా?" అంది పిన్ని. ఉంటుంది, అది మేత గుణం. మొక్కజొన్న, పచ్చగడ్డి, ఆకులు తిన్న కోడి సొన ముదురుగా వస్తుంది. దానికీ పెంకు రంగుకూ చుట్టరికం లేదు.

కడక్‌నాథ్ గురించి ఒక్క మాట చాలు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి అది. తోలు, మాంసం, ఎముక కూడా నలుపే. గుడ్డు మాత్రం మన నాటు గుడ్డులాగే లేత గోధుమరంగు.

శంఖుపూల రంగు కోడి కడుపులో అరిగిపోతుంది, పెంకు దాకా రాదు. గుడ్డు తయారవడానికి ఒక రోజు పైగా పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే. పెంకు రంగును కోడి ఒంట్లోనే, తన వంశాన్ని బట్టి తయారుచేసుకుంటుంది. పూలు వేశాక గుడ్డు రంగు మారిందని ప్రమాణం చేసేవాళ్లు నాకూ తెలుసు. వాళ్లు చూసింది అబద్ధం కాకపోవచ్చు. పెట్ట చాలా రోజులు వరసగా పెట్టుకుంటూ పోతే గోధుమరంగు పలచబడుతుంది. రోహిణి కార్తె ఎండకు ఇంకా వెలిసిపోతుంది, పెంకు కూడా పలచనవుతుంది.

అసలు మోసం పుంజు దగ్గరుంది. పిన్ని పెట్ట ఏ రంగు గుడ్డు పెట్టాలో అది పుట్టకముందే తేలిపోయింది. ఎంత గొప్ప పుంజు జతకట్టినా ఆ పెట్ట గుడ్డు రంగు మారదు. మారేది దానికి పుట్టే ఆడపిల్లల గుడ్లే. నీలం గుణం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా పైకి కనపడుతుంది కాబట్టి పుంజు పనికొస్తుంది, కాదనను. కానీ ఆ పుంజుకు నీలం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చి ఉంటేనే దాని ఆడపిల్లలన్నీ నీలం పెడతాయి. ఒక్క వైపు నుంచే వచ్చి ఉంటే సగమే. పుంజు గుడ్డు పెట్టదు కదా, దాని ముఖం చూసి ఏ రకమో ఎట్ట చెబుతాం?

పిన్ని ముందు లెక్క వేశాను. పెట్టను 12 గుడ్ల మీద పొదగేశావనుకో. మురిగినవి పోగా 8 పిల్లలు. అందులో నాలుగు పుంజులు. పుంజుకు నీలం ఒక్క వైపు నుంచే వచ్చి ఉంటే మిగిలిన నాలుగింట్లో రెండే నీలం. అదీ గద్దకూ కుక్కకూ దొరకకుండా ఉంటే. 21 రోజులు పొదుగు, ఆ తర్వాత గుడ్డుకొచ్చేసరికి ఆరు నెలల పైమాట. నాటు పెట్ట గోధుమరంగు కూడా పైన కలుస్తుంది కాబట్టి వచ్చేది ఫోటోలోని ఆకాశనీలం కాదు, లేత ఆకుపచ్చ.

నిమ్మచెక్క పరీక్ష సంగతి నేనే చేసి చూశాను. పిన్ని కోడి ఆ పొద్దున పెట్టిన గుడ్డునే రుద్దాను. గోధుమరంగు కొంచెం వదిలింది, పిన్ని ముఖం మాడిపోయింది. నిమ్మరసానికి పెంకు కరుగుతుంది, గోధుమరంగు ఎక్కువగా ఉండేది పైపొరలోనే. అందుకే అసలు గుడ్డు కూడా ఈ పరీక్షలో తప్పుతుంది. అట్లని తెల్ల గుడ్లకు టీ డికాక్షన్ పట్టించి నాటువని అమ్మేవాళ్లు లేరని అనను. నిమ్మచెక్కతో మాత్రం వాళ్లు దొరకరు.

నీలం గుడ్డుకైతే ఇంతకంటే మంచి పరీక్షే ఉంది. తెలిసినాయన ఇచ్చిన నీలం గుడ్డు ఒకటి వెంట తీసుకెళ్లాను. రెండూ పగలగొట్టి, పెంకు లోపలి తెల్లటి పొరను గోటితో ఒలిచాను. నాటు గుడ్డు పెంకు లోపల తెల్లగా ఉంది. నీలం గుడ్డు లోపల కూడా నీలమే. ఆ రంగు పెంకు కడుతున్నంతసేపూ అందులో కలుస్తూ వస్తుంది, పైన పూసిన రంగుకు అది సాధ్యం కాదు. రెండు గుడ్ల అట్టూ నేనే తిన్నాను, రుచిలో తేడా నాకైతే తెలియలేదు.

తెగుళ్లు రావన్న మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. కొక్కెర తెగులు (రాణిఖేత్) పెంకు రంగు చూసి రాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు కుప్పలుగా చచ్చిన సంగతి మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. దానికి మన చేతిలో టీకా లేదు, కొక్కెరకు ఉంది. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా సూది. పెద్ద ఖర్చేం కాదు.

చిక్కల్లా సీసాతోనే. పిన్నికి దొరికే సీసా 100 కోళ్లది, ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి. ఆమెకున్నవి 14. పుంజు మాట పక్కనపెట్టి ఆ సాయంత్రం వీధిలోకి బయలుదేరింది. రేపు పొద్దున ఎవరూ కోళ్లను వదలొద్దని, గంపల కిందే ఉంచమని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది.