ఐదు ఊళ్ళూ నాలుగు గంటల్లో ‘కవర్’ చేసిన మా తోడల్లుడి గురించి

పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఫోన్ తీశాను. తీయకపోయినా బావుండేది. ఫ్యామిలీ గ్రూపులో మా తోడల్లుడుగారి వీడియో. నలభై సెకన్లు, వెనకాల డప్పుల మోత, మీద ఇంతింత పసుప్పచ్చ అక్షరాలు: “ఇటలీ సింక్ టెర్రా. 5 ఊళ్ళు. 4 గంటలు. కవర్డ్!” కింద దండాలు, పూలు, చప్పట్లు. మా పిన్నత్తగారైతే “సూపర్ బాబూ, ప్లానింగ్ అంటే నీదే” అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు. సరే, ఇంతవరకూ ఓర్చుకున్నాను. ఆ కింద ఆయనే ఇంకో మెసేజ్ వదిలాడు: “ట్రెక్కింగ్ అంతా వేస్ట్. ట్రైన్ చాలు. పెద్దవాళ్ళని ఎండలో నడిపించి ఇబ్బంది పెట్టొద్దు.”

ఆ పెద్దవాళ్ళు అంటే మా అత్తగారు. నడిపించిన పాపాత్ముడు నేను. పేరు రాయలేదు గానీ గ్రూపులో ఉన్న ముప్ఫై మందికీ తెలుసు, మొన్న శనివారం ఎవరు ఎవరితో వెళ్ళారో. మా ఆవిడ “పోనీలెండి, అక్క బాధపడుతుంది” అంది. అక్క బాధపడకూడదని పదకొండేళ్ళుగా నోరు మూసుకునే ఉన్నాను. ఇక్కడ మా అక్కయ్యగారు లేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క తేల్చేద్దాం. అది సింక్ టెర్రా కాదు, చింక్వె తెర్రె. ఐదు నేలలు అని అర్థం. ఇటలీలో లిగూరియా తీరం మీద మోంతెరొస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే అని వరసగా ఐదు ఊళ్ళు. ఇందులో నాలుగు ఊళ్ళు సముద్రం అంచున ఉంటాయి. కోర్నీలియా మాత్రం ఓ వంద మీటర్ల ఎత్తున కొండ కొమ్ము మీద కూర్చుని ఉంటుంది. స్టేషన్ కింద, ఊరు పైన. మధ్యలో లార్దరీనా అనే ఇటుకల మెట్ల దారి, 380 దాకా మెట్లు, మెలికలు తిరుగుతూ. మినీ బస్సూ ఉంది, కాసేపు నిలబడితే వస్తుంది. మా తోడల్లుడుగారు రైలు దిగాడు. తల పైకెత్తి మెట్లు చూశాడు. ప్లాట్‌ఫారం మీద ఊరి పేరున్న బోర్డు ముందు నిలబడి రెండు వేళ్ళు చూపిస్తూ ఫోటో దిగాడు. తరవాతి రైలెక్కేశాడు. వీడియోలో పదమూడో సెకనులో ఆ బోర్డే ఉంది, కావాలంటే ఆపి చూడండి. అంటే ఐదు ఊళ్ళు కాదు బాబూ, నాలుగు ఊళ్ళూ ఒక బోర్డూ.

ఈ ‘కవర్’ అనే మాట కనిపెట్టినవాడెవడో గానీ మన జాతికి తీరని ద్రోహం చేశాడు. పుస్తకానికి అట్ట వేస్తే కవర్. సిలబస్ అయితే కవర్. ఊళ్ళని కవర్ చేయడమేంటి, వాటి మీదేమన్నా టార్పాలిన్ కప్పి వస్తున్నారా? మేముండే మ్యూనిక్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు కూడా ఇంతే, “అన్నా, ఈస్టర్ సెలవుల్లో నాలుగు దేశాలు కవర్ చేశాం” అంటారు. ఏం తిన్నార్రా అంటే ఎయిర్‌పోర్టులో బర్గర్ అంటారు. వాళ్ళ సంగతి ఇంకోసారి.

ఇక ఆ “ఇబ్బంది పెట్టడం” సంగతి. అసలు జరిగింది ఇది. ఆ ఊళ్ళకి దగ్గరి పట్నం లా స్పెజియాలో రూములు తీసుకున్నాం, రెండు కుటుంబాలు, ప్లస్ విజిటింగ్ వీసా మీద వచ్చిన అత్తగారు. శనివారం పొద్దున మోంతెరొస్సో నుంచి వెర్నాజ్జాకి నడుద్దామని వారం ముందు నుంచీ అనుకున్నదే. మూడున్నర కిలోమీటర్లు. దూరం తక్కువే గానీ దారి మొదలయ్యిందే మెట్లతో, ఆ తరవాత నిమ్మతోటల పక్కగా, ద్రాక్షతోటల మధ్యగా పైకి ఎక్కి, దిగి. అందుకే అత్తగారికి నెల ముందే మంచి బూట్లు కొన్నాం, పార్కులో రోజూ నడిపించి అలవాటు చేశాం. పైగా ఒక చేతికర్ర. ఆవిడకి అరవై నాలుగు.

మా తోడల్లుడుగారు దేంట్లో వచ్చాడో తెలుసా? హవాయి చెప్పుల్లో. నీలం స్ట్రాపులు. టికెట్లు చూసే చోట ఆ అమ్మాయి నవ్వుతూనే కాళ్ళకేసి చూపించి “నో” అంది. పక్కనే బోర్డు, చెప్పుల బొమ్మ మీద అడ్డంగా ఎర్రగీత. ఇలాంటి చెప్పులేసుకుని కొండదారుల్లో నడిచి కాలు మెలిపెట్టుకునేవాళ్ళని మోసుకురాలేక, 50 యూరోల నుంచి 2,500 దాకా జరిమానా వేస్తామని అక్కడి నేషనల్ పార్కువాళ్ళు 2019లోనే ప్రకటించారు. ప్రపంచంలో పేపర్లన్నీ రాశాయి. ఈయన మాత్రం అక్కడే గొంతు పెంచి “మనవాళ్ళని చూసి ఆపుతున్నారు, రేసిజం” అన్నాడు. ఆయన వెనకాలే ఒక తెల్లాయన, ఆరడుగుల పైన ఉంటాడు, రబ్బరు చెప్పులతోనే వచ్చి, మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోతున్నాడు. రేసిజం ఎక్కడెక్కడ ఉందో నాకూ తెలుసు, మేముండే జర్మనీలో ఇల్లు అద్దెకి వెతికిన ప్రతివాడికీ తెలుసు. చెప్పుల బోర్డులో మాత్రం లేదు స్వామీ.

అలా ఆయన వెనక్కి తిరిగి ‘కవరింగ్’కి వెళ్ళాడు. మేం నడిచాం. మధ్యలో నేనే రెండుసార్లు అడిగాను, “అత్తయ్యగారూ, వెనక్కి పోదామా?” అని. ఆవిడ నాకేసి కాదు, గోడకేసి చూస్తున్నారు.

ఆ గోడల గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ కొండలన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. మెట్టు మెట్టుకీ ఒక రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చినవే. వాటి వెనక మట్టి పోసి ద్రాక్ష వేశారు. వెయ్యేళ్ళుగా అదే పని. మొత్తం గోడలన్నీ కలిపి కొలిస్తే ఆరేడు వేల కిలోమీటర్లు ఉంటాయని అక్కడ లెక్క చెబుతారు. 1997లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వం అని గుర్తించింది రంగురంగుల ఇళ్ళని ఒక్కటే కాదు, ఈ మెట్ల పొలాలని కూడా. ఈ వట్టి రాతి గోడ కట్టే విద్యని 2018లో ఇంకోసారి విడిగా గుర్తించారు, ఇటలీతో పాటు ఇంకొన్ని దేశాలకి కలిపి. మా అత్తగారికి యునెస్కో తెలీదు. వాళ్ళది పల్నాడు, చేలో ఏరిన రాళ్ళు గట్టు మీద పేర్చి పెరిగిన మనిషి. గోడ మీద చెయ్యి వేసి అన్నారు, “ఒక్కో రాయీ చేత్తో తిప్పి తిప్పి చూసుకుని పెట్టాడు బాబూ వీడు. ఎక్కడా కదలట్లేదు చూడు.”

నాలుగు గంటల్లో ఐదు ఊళ్ళలో ఈ మాట ఎక్కడ వినబడుతుంది చెప్పండి.

పైగా ఆయన “ట్రెక్కింగ్” అని రాశాడు, అది ఇంకా మంట. ఆ కొండ బాటలు మనలాంటివాళ్ళు వీకెండుకి వచ్చి చెమటోడ్చడానికి వేసినవి కావు. ఆ తీరం వెంట రైలు లైను పూర్తయింది 1874లో. అప్పటిదాకా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పడవన్నా ఎక్కాలి, కొండ మీద కాలిబాటన నడవన్నా నడవాలి. తోటలోకి పోవాలన్నా అదే దారి, ద్రాక్షబుట్ట దించాలన్నా అదే. ప్రతి ఊరికీ పైన కొండ మీద ఒక మేరీమాత గుడి ఉంది, అక్కడికీ ఆ బాటలే. మన దగ్గర కొండ మీద అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్ళినట్టే. ఇప్పటికీ కొన్నిచోట్ల ద్రాక్షకోతకి సన్నటి ఒంటి పట్టా బండి (మోనోరైలు) తప్ప యంత్రం పోయే వీల్లేదు. ఆ బండి లేని చోట మనిషి భుజమే. అలా కోసిన ద్రాక్షని వారాల తరబడి నీడలో ఆరబెట్టి షక్కెట్రా అని తియ్యటి వైన్ చేస్తారు. చిన్న సీసా ధర చూసి “దోపిడీ” అన్నాడు మా తోడల్లుడు. ఒక్కరోజు ఆ బుట్ట మోసి చూడమనండి, అప్పుడు ధర చెబుదాం.

మోసేవాళ్ళు తగ్గిపోయారు, పిల్లలు పట్నాలకి పోయారు. ఇది ఎక్కడో విన్న కథలానే ఉంది కదా. పట్టించుకోని గోడకి మొదట పొట్ట ఉబ్బుతుంది, తరవాత ఓ వానకి జారుతుంది. 2011 అక్టోబర్ 25న కొన్ని గంటల్లో కురిసిన వానకి వెర్నాజ్జా, మోంతెరొస్సో బురదలో కూరుకుపోయాయి. మనుషులు పోయారు. వెర్నాజ్జా వీధిలో కింది అంతస్తులు మునిగేంత బురద. మనరోలా నుంచి కోర్నీలియాకి సముద్రం పక్కగా పోయే దారి కొండచరియలతో మూతపడి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు పోవాలంటే పైన వొలాస్త్రా అనే ఊరి మీదుగా తోటల్లోంచి చుట్టు తిరిగి పోవాలి. చుట్టు దారి అన్నమాటే గానీ, చూసినవాళ్ళు అదే బావుందంటారు. మేం వెళ్ళలేకపోయాం, ఎందుకంటే ఆదివారం మొత్తం ‘ప్రేమ బాట’కి బలి.

ఈ ప్రేమ బాట రియోమజ్జోరే, మనరోలా మధ్యన. వియా దెల్లామోరే. కిలోమీటరు కూడా లేదు, తొమ్మిది వందల మీటర్లు, చదును దారి. 2012లో రాళ్ళు పడి నలుగురు ఆస్ట్రేలియా టూరిస్టులకి దెబ్బలు తగిలితే మూసేశారు. కొండకి వలలు కట్టి, రాతిని బిగించి, రెండు కోట్ల యూరోలకి పైనే ఖర్చుపెట్టి మళ్ళీ పూర్తిగా తెరిచేసరికి 2024. తొమ్మిది వందల మీటర్లకి పన్నెండేళ్ళు! దానికి వేరే టికెట్, ఫలానా టైముకి రావాలని స్లాటు. “నేను బుక్ చేస్తా, మీరెవరూ ముట్టుకోవద్దు” అన్నాడు ప్లానింగ్ మాస్టారు. చేశాడు. మనుషులు ఏడుగురు, టికెట్లు నాలుగు. ఆయన, మా వదినగారు, వాళ్ళ ఇద్దరు పిల్లలు. “అయ్యో, స్లాట్లు అయిపోయినట్టున్నాయి, మీరు ట్రైన్‌లో వచ్చేయండి.” మేం స్టేషన్‌లో కూర్చున్నాం. అత్తగారు శనగపిండి అట్టు తింటూ కూర్చున్నారు. ఫరినాతా అంటారక్కడ, నిజంగా శనగపిండీ నీళ్ళూ నూనే, పొయ్యిలో కాలుస్తారు. “పచ్చిమిరపకాయలు వెయ్యడం మర్చిపోయారు” అన్నారు. అది తప్ప ఆ రోజు మంచిది ఇంకోటి జరగలేదు.

ఇది కొత్తా? అరుణాచలం గుర్తు చేయనా? 2018, పౌర్ణమి. అందరం కలిసి గిరి ప్రదక్షిణకి వెళ్ళాం. పద్నాలుగు కిలోమీటర్లు. నేను మొదలుపెట్టిన గంటకి మోకాలు పట్టేసింది, అయినా కుంటుతూ పూర్తి చేశాను, తెల్లారింది. ఈయన మూడో కిలోమీటరు దగ్గర “బాత్రూంకి వెళ్ళొస్తా” అని మాయమయ్యాడు. ఆటో ఎక్కాడు. చుట్టూ తిరిగి, హోటల్‌లో పొంగలి తిని, నిద్రపోయి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని రాజగోపురం ముందు ఫోటో పెట్టాడు: “14 కిలోమీటర్లు. స్వామి దయ.” ఆటో స్వామిదేనా? ఆ రోజు మామగారు, అప్పటికి బతికే ఉన్నారు, నా కుంటుడు చూసి “పెద్దల్లుడికి ఓపిక ఎక్కువ, నీకు అలవాటు లేదు నాయనా” అన్నారు. నేను నోరు తెరిచాను. మా ఆవిడ గిల్లింది. ఆ మాట అలాగే ఉండిపోయింది. ఆయన పోయేదాకా పెద్దల్లుడే నడిచాడనుకున్నారు. ఇప్పుడు ఎవరికని చెప్పను?

అదీ పోనీ. ఇందాక ఆ వీడియో మళ్ళీ చూశాను. నాకేం పని లేదు కాబట్టి కాదు, ముప్ఫై రెండో సెకనులో ఏదో తేడాగా అనిపించి. వెర్నాజ్జా పైనుంచి తీసిన ఫోటో. కింద గుండ్రటి కోట బురుజు, చర్చి, చిన్న రేవు, పడవలు. దాని మీద “వ్యూ పాయింట్ కవర్డ్” అని అక్షరాలు. ఆ దృశ్యం రైలు స్టేషన్ నుంచి కనబడదు. మోంతెరొస్సో నుంచి మూడు గంటలు నడిచి, చివరి వంపు తిరిగితే కనబడుతుంది. అది నేను తీసిన ఫోటో. శనివారం సాయంత్రం నేనే గ్రూపులో పెట్టాను, అత్తగారు ముందు నిలబడి నవ్వుతున్నారని. ఆయన ఆవిడని కత్తిరించి పడేసి, ఊరొక్కటే ఉంచుకున్నాడు.

సరిగ్గా కత్తిరించడం కూడా రాలేదు. ఎడమవైపు కింది మూల చూడండి, చేతికర్ర కొస ఇంకా ఉంది.